పద్దెనిమిదేళ్ళ పోల్ వాల్టర్ ఫలితాల పట్టికను ఎలా చదవాలి?

చదివే మిగతావారి కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు రీగాలో వైద్యవిద్య చదువుతున్నారు. అక్కడి ఇండోర్ పోటీల్లో ఒక లాట్వియా కుర్రాడి పోల్ వాల్ట్ (పొడవాటి కర్ర ఊతంతో పరిగెత్తి బార్ మీదుగా ఎగరడం) చూసి అభిమాని అయ్యారు. అతని ఫలితాల పట్టిక తీసి చూస్తే పదిహేడో ఏడు వరకు ఎత్తు జోరుగా పెరిగింది, పద్దెనిమిదో ఏట దాదాపు ఆగిపోయింది. పైగా ఒక జూనియర్ పోటీలో ఒక్క ఎత్తు కూడా దాటకుండానే వెనుదిరిగాడు. ఇతని పని అయిపోయినట్టేనా అని మీ సందేహం.

ఆ పట్టికను బట్టి అలా తేల్చేయడం కుదరదు. నేను చాలా ఏళ్ళు పోల్ వాల్ట్ పిట్ (ఎగిరినవాళ్ళు పడే మెత్తటి పరుపు) దగ్గర కూర్చుని ఎవరు ఏ ఎత్తు దాటారో కార్డు రాసిన అధికారిని. అంతకుముందు ఎగిరినవాణ్ణి కూడా, చెప్పుకోదగ్గ ఎత్తులు కావు లెండి. ఆ అనుభవంతో చెబుతున్నాను: కుర్ర వాల్టర్ విషయంలో ఎత్తు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే సమాచారం. అంతకన్నా ముందే మారేవి మూడున్నాయి. పరుగు వేగం, పోల్‌ను పట్టుకునే చోటు, ఆ పోల్ గట్టిదనం. ఈ మూడూ ఫలితాల పట్టికలో కనబడవు. అభిమానులు మోసపోయేది అక్కడే.

పరుగుతో మొదలుపెడదాం. పోల్ వాల్ట్ అంటే పరుగులో కూడబెట్టిన శక్తిని ఎత్తుగా మార్చుకోవడం. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే, ఆ శక్తి మొత్తం ఎత్తుగా మారితే శరీర గరిమనాభి (ఒంటి బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ఎంత పైకి లేస్తుందో తెలుస్తుంది. సెకనుకు 9 మీటర్ల వేగానికి అది సుమారు 4.13 మీటర్లు. 9.5కి 4.60, 10కి 5.10. నిలబడిన మనిషి గరిమనాభి అప్పటికే నేల నుంచి మీటరు ఎత్తున ఉంటుంది కాబట్టి అది కూడా కలుస్తుంది. చివర్లో చేతులతో పోల్‌ను నెట్టి సంపాదించేది కొంత, పోల్ వంగి లేవడంలో పోగొట్టుకునేది కొంత. నిజం లెక్క ఇంత శుభ్రంగా ఉండదు గానీ దాని దిశ ఇదే. వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు పెరిగితే ఎత్తులో తొమ్మిది, పది సెంటీమీటర్లకు అవకాశం వస్తుంది.

ఆ అవకాశం ఆ వారమే చేతికందదు. కారణం పోల్.

ఈ ఆట చూసే చాలామంది వాల్టర్‌కు ఒక పోల్ ఉంటుందనుకుంటారు. ఉండేది ఒక వరుస. ప్రతి పోల్ మీద పొడవు, అది ఎంత బరువు మనిషికి తగినదో చెప్పే అంకె ఉంటాయి. అమెరికా తయారీలో ఆ అంకె పౌండ్లలో ఉంటుంది. ఇవికాక ఫ్లెక్స్ అని ఇంకో అంకె. పోల్‌ను రెండు చివర్లా ఆనించి మధ్యలో 50 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎన్ని సెంటీమీటర్లు కిందికి వంగుతుందో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గే కొద్దీ పోల్ గట్టిది. ఒకే పొడవులో ఒక మెట్టుకూ పై మెట్టుకూ తేడా కంటికి కనబడదు, చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది. పై మెట్టు పోల్ తీసుకుని పాత వేగంతోనే పరిగెత్తితే అది వంగదు, మనిషిని పిట్‌లోకి తీసుకెళ్ళదు, వచ్చిన దారిలోనే వెనక్కి పంపుతుంది. వేగం పెరిగాక కూడా పాత మెత్తటి పోల్‌నే వాడితే అది మరీ ఎక్కువగా వంగి, మనిషిని పైకి లేపకుండా ముందుకు విసిరేస్తుంది. అప్పుడు వాల్టర్ బార్ కిందినుంచే పిట్‌లో పడతాడు.

ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడి సంగతి ఆలోచించండి. ఏడాదిలో బరువు పెరుగుతుంది, కాళ్ళలో బలం పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. నిన్న సరిపోయిన పోల్ నేడు మెత్తబడుతుంది. పై మెట్టుకు వెళ్తే పరుగు ప్రారంభించే గుర్తు వెనక్కి జరపాలి. పన్నెండు అంగల పరుగు పద్నాలుగో పదహారో అవుతుంది. అడుగులు పెరిగితే చివరి అడుగు సరిగ్గా పడటం కష్టమవుతుంది, అది తప్పితే టేకాఫ్ (నేల వదిలి లేవడం) తప్పుతుంది, టేకాఫ్ తప్పితే మిగతా అంతా తప్పుతుంది. ఈ మార్పులన్నీ నడుస్తున్న ఏడాది పట్టికలో కనబడేది ఐదు సెంటీమీటర్ల పెరుగుదల. కొన్నిసార్లు అదీ ఉండదు. పక్కనే ఇంకో కుర్రాడు పొట్టి పరుగుతో, పాత పోల్‌తో, అలవాటైన పద్ధతిలో ఇరవై సెంటీమీటర్లు పెంచుకుని ఉంటాడు. ఎవరి మీద నమ్మకం పెట్టుకోవాలని నన్నడిగితే చాలాసార్లు మొదటివాడి పేరే చెబుతాను.

ఒక్క ఎత్తూ దాటకపోవడం గురించి. పోల్ వాల్ట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. తక్కువ ఎత్తులో మొదలుపెడితే ఏదో ఒక అంకె కార్డులో పడుతుంది, కానీ ఒంట్లో శక్తి కరిగిపోతుంది. పైగా గట్టి పోల్‌తో తక్కువ ఎత్తులు ఎగరడం కష్టం, ఎందుకంటే బార్ నిలిపే స్తంభాలను బాక్స్ (పోల్ మొనను ఆనించే గుంట) వెనక 80 సెంటీమీటర్ల వరకే జరపగలరు, ఆ పోల్ ఇచ్చే ఊపుకు ఒక్కోసారి అది చాలదు. అందుకే కొంచెం పైన మొదలుపెడతారు. వరుసగా మూడు తప్పితే ఆట ముగిసినట్టే. దీన్ని అభిమానులు అవమానంగా తీసుకుంటారు, ఆటలో ఉన్నవాళ్ళు అంతగా పట్టించుకోరు. ఉక్రెయిన్ వాల్టర్ సెర్గేయ్ బుబ్కా 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు ప్రపంచ రికార్డు చేతిలో పెట్టుకుని వెళ్ళాడు. 5.70 దగ్గర రెండుసార్లు తప్పాడు, మిగిలిన ఒక్క ప్రయత్నాన్ని 5.75కు దాచుకుని అక్కడా తప్పాడు. ఫలితం సున్నా. రష్యా వాల్టర్ యెలెనా ఇసిన్‌బయేవా 2009 ఆగస్టు 17న బెర్లిన్ ప్రపంచ పోటీల్లో ఒక్క ఎత్తూ దాటలేదు. అదే నెల 28న జ్యూరిక్‌లో 5.06 దాటి ప్రపంచ రికార్డు పెట్టింది. పదకొండు రోజుల్లో ఆమె ఆట మారిపోలేదు కదా.

జూనియర్ పోటీలో సున్నా చూసినప్పుడు నేను అడిగేది ఒకటే: ఆ మూడూ ఎలా తప్పాడు? బార్‌ను ఛాతీతోనో మోకాలితోనో తాకి పడేశాడా, లేక టేకాఫ్ దగ్గరే ఆగిపోయి పిట్‌లోకి పరుగెత్తాడా? మొదటిది చిన్న సర్దుబాటుతో పోయే లోపం. రెండోది భయమో, అడుగుల లెక్క తప్పడమో. అది నెలల తరబడి ఉండిపోవచ్చు. కార్డులో రెండింటికీ ఒకే గుర్తు పడుతుంది.

ఇక తొలి ఏళ్ళ ఫలితాలు భవిష్యత్తును ఎంతవరకు చెబుతాయన్నది. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ 2016లో పోలండ్‌లోని బిద్గోష్‌లో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీ. గెలిచింది అమెరికా కుర్రాడు డీకిన్ వోల్జ్, 5.65. రెండో స్థానం ఆస్ట్రేలియాకు చెందిన కర్టిస్ మార్షల్, 5.55. మూడో స్థానం 5.45తో స్వీడన్‌కు ఆడే అర్మాండ్ డుప్లాంటిస్. తర్వాతి తొమ్మిదేళ్ళకు, 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో డుప్లాంటిస్ 6.30తో ప్రపంచ రికార్డు, మార్షల్ 5.95తో కాంస్యం. (వోల్జ్ ఇంటిపేరు విన్నవాళ్ళు ఉంటారు. డీకిన్ తండ్రి డేవ్ వోల్జ్ గాల్లో ఉండగానే చేత్తో బార్‌ను నిలబెట్టడంలో దిట్ట. ఆ పనికి ఆయన పేరే వచ్చింది, తర్వాత నిబంధనలు దాన్ని నిషేధించాయి. ఇప్పుడు చేత్తో బార్‌ను ఆపితే తప్పు కిందే రాస్తాం.)

డుప్లాంటిస్ గురించి అందరూ చెప్పేది బాల మేధావి కథ. లూసియానాలోని లఫాయెట్‌లో ఇంటి పెరట్లోనే రన్‌వే, తండ్రి గ్రెగ్ 5.80 ఎగిరిన వాల్టర్, తల్లి హెలెనా స్వీడన్ హెప్టాథ్లాన్ క్రీడాకారిణి, మూడేళ్ళకే చేతిలో పోల్, ఏడేళ్ళకే వయసు విభాగంలో ప్రపంచ అత్యుత్తమం. అంతా నిజమే. అయినా అతని పట్టికలోనూ ఎగుడుదిగుళ్ళు ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో పదిహేడేళ్ళకు టెక్సస్‌లో 5.90 ఎగిరాడు. అదే వేసవిలో లండన్ ప్రపంచ పోటీల్లో 5.50తో తొమ్మిదో స్థానం. ఆ ఆగస్టులో పట్టిక చూసినవాళ్ళు మీలాగే తల పట్టుకుని ఉంటారు. ఏడాది తిరిగేసరికి బెర్లిన్ యూరోపియన్ పోటీల్లో 6.05.

బుబ్కాను తీసుకోండి. 1981 యూరోపియన్ జూనియర్ పోటీల్లో ఏడో స్థానం. రెండేళ్ళకు, 1983లో హెల్సింకిలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ పోటీల్లో 5.70తో స్వర్ణం. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఈ రెండేళ్ళలో జరిగినది పట్టికలో లేదు. లుహాన్స్క్‌లో మొదలై దొనెత్స్క్‌లో కొనసాగిన విటాలీ పెత్రోవ్ శిక్షణ అది. పోల్‌ను బాక్స్‌లో పెట్టడానికి చాలా ముందే చేతులు పైకెత్తడం, కాలు నేల వదిలే క్షణంలో పోల్ ఇంకా వంగకుండా ఉండటం, వీలైనంత పైన పట్టుకోవడం ఆ పద్ధతిలో ముఖ్యమైనవి. ఇవి కుదిరేదాకా ఎత్తులు రావు. కుదిరాక ఆగవు.

ఫ్రాన్స్‌కు చెందిన రెనో లావిలెనీది డుప్లాంటిస్‌కు పూర్తిగా ఎదురు కథ. జూనియర్ ప్రపంచ పతకం ఏదీ లేదు. ఎత్తు 1.77 మీటర్లే, వాల్టర్లలో పొట్టివాడు. 2008లో 5.81, 2009లో 6.01. 2012లో ఒలింపిక్ స్వర్ణం. 2014లో బుబ్కా శిక్షణ పొందిన ఊరు దొనెత్స్క్‌లో 6.16 ఎగిరి ఆయన ఇండోర్ రికార్డునే చెరిపాడు. ఇతని పద్దెనిమిదో ఏటి పట్టిక చూసి ఎవరూ పందెం కాసి ఉండరు.

ఇంకొకరు గ్రీస్‌కు చెందిన ఇమ్మాన్యుయెల్ కరాలిస్. పుట్టింది డుప్లాంటిస్ పుట్టిన 1999లోనే. యువ విభాగంలోనే పేరు తెచ్చుకున్నాడు, తర్వాత కొన్నేళ్ళు పెద్ద పోటీల్లో పతకం రాలేదు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 5.90తో కాంస్యం, మరుసటి ఏడు టోక్యోలో 6.00తో రజతం. మీ కుర్రాడి విషయంలో నేను చూడమనేది ఈ దారినే. డుప్లాంటిస్‌ను కొలబద్దగా పెట్టుకుంటే ఈ భూమ్మీద ప్రతి వాల్టరూ విఫలుడే.

లాట్వియా సంగతి వేరుగా చెప్పాలి. అక్కడ జనాభా 20 లక్షల లోపు, హైదరాబాద్‌లో నాలుగో వంతు కూడా కాదు. అథ్లెటిక్స్‌లో వాళ్ళ గర్వమంతా జావెలిన్ చుట్టూ ఉంటుంది. యానిస్ లూసిస్ 1968 మెక్సికోలో స్వర్ణం గెలిచాడు, 1972 మ్యూనిక్‌లో రెండు సెంటీమీటర్ల తేడాతో ఓడి రజతం తీసుకున్నాడు. సోవియట్ జెండా కింద అతనికి ముందు ఇనెసె యౌన్‌జెమె, ఎల్వీరా ఒజోలిన్యా, తర్వాత డైనిస్ కూలా జావెలిన్‌లోనే ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. స్వతంత్ర లాట్వియాకు 2004లో వాసిలెవ్‌స్కిస్, 2008లో కొవాల్స్ అదే ఆటలో రజతాలు తెచ్చారు. అలాంటి దేశంలో చురుకైన పిల్లవాడి చేతిలో ముందుగా జావెలినే పెడతారు. పోల్ పట్టుకున్నవాడు మైనారిటీ. మారెక్స్ ఆరెంట్స్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో లాట్వియా తరఫున ఎగిరాడు, పౌల్స్ పుయాట్స్ అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. ఇలాంటివాళ్ళు ఉన్నారు, కానీ ఒక తరంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

ఇందువల్ల కుర్రాడి తొలి ఏళ్ళు ఎలా ఉంటాయో ఊహించండి. పిల్లల శిక్షణకు లోటు లేదు. ఊరూరా పురపాలక సంఘాల క్రీడా పాఠశాలలున్నాయి, మురియాణిలో ప్రభుత్వ క్రీడా గురుకులం ఉంది. కష్టమంతా పైకి వచ్చాక. పన్నెండేళ్ళ పిల్లలకు నాలుగైదు పోల్స్ ఉంటే గుంపంతా సర్దుకుంటారు. ఐదు మీటర్లు దాటినవాడికి అతని బరువుకు, వేగానికి తగిన వరుస మొత్తం కావాలి, ఆ వరుసను పంచుకోవడానికి దేశంలో అతని సాటివాళ్ళు ఎంతమంది? పోలండ్‌లోనో ఫ్రాన్స్‌లోనో అయితే క్లబ్బులో ముందు తరంవాళ్ళు వదిలేసిన పోల్స్ అటకమీద ఉంటాయి. చిన్న దేశంలో పై మెట్టు పోల్ లేకపోతే ఉన్నదాన్నే పైన పట్టుకుని సర్దుకుంటారు, లేదా కొత్తది వచ్చేదాకా ఆగుతారు. ఆ ఆగిన నెలలే పట్టికలో ‘ఎదుగుదల లేదు’ అని కనబడతాయి.

ప్రయాణం ఇంకో తలనొప్పి. అయిదు మీటర్ల గొట్టాన్ని విమానంలో ఎక్కించాలంటే అన్ని విమానాలూ ఒప్పుకోవు. మన దగ్గర రైల్లో తీసుకెళ్ళే కుర్రాళ్ళ యాతన నేను చూశాను, అది వేరే కథ. బాల్టిక్ దేశాలవాళ్ళకు ఒక సౌకర్యం ఏమిటంటే ఎస్టోనియా, లిథువేనియా, పోలండ్ పోటీలకు కారు పైకప్పుకు కట్టుకుని వెళ్ళొచ్చు. అందుకే మీ పట్టికలో పొరుగు దేశాల చిన్న పోటీలు అన్నేసి కనబడుతున్నాయి. వాటిని తక్కువగా చూడకండి. సొంత దేశంలో అతను మొదలుపెట్టే ఎత్తుకే మిగతావాళ్ళంతా ఆట ముగించేస్తే, ఆ తర్వాత ఒంటరిగా ఎగరాలి. ఎగిరి వచ్చి కూర్చోగానే మళ్ళీ తన వంతే, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా చాలదు. పొరుగు దేశంలో తనతో సమానమైనవాళ్ళు ఆరుగురు ఉంటే లయ దొరుకుతుంది.

వాతావరణం గురించి రీగాలో ఉన్న మీకు నేను చెప్పేదేముంది. ఆరుబయట ఆట మే చివరికి మొదలై సెప్టెంబరుకు ముగుస్తుంది. మిగతా కాలమంతా ఇండోర్ హాల్. హాల్‌లో గాలి ఉండదు, వాన ఉండదు, కాబట్టి ఉత్తర దేశాల పిల్లలు చలికాలంలోనే తమ మంచి ఎత్తులు ఎగురుతుంటారు. జూన్‌లో ఎదురుగాలి వీస్తుంటే, చేతులు చల్లబడి పట్టు జారుతుంటే అదే కుర్రాడు ఇరవై సెంటీమీటర్లు తక్కువ ఎగరడం వింత కాదు. అందుకని ఇండోర్ ఫలితాలనూ ఆరుబయటివాటినీ ఒకే వరుసలో పెట్టి గీత గీయకండి. ఫిబ్రవరిని ఫిబ్రవరితో పోల్చండి, జులైని జులైతో.

అమెరికా కళాశాలకు వెళ్తాడేమో అని కూడా మీ ప్రశ్నలో చివర రాశారు. వెళ్తే మంచిదే అని నా అభిప్రాయం, ఒక షరతుతో. అక్కడ పోల్స్ కొరత తీరుతుంది, వారం వారం సమానులతో పోటీ ఉంటుంది, చదువు ఖర్చు తగ్గుతుంది. కానీ జనవరి నుంచి జూన్ వరకు కళాశాల పోటీలతోనే ఒళ్ళు హూనమై, యూరప్ వేసవి పోటీలకు వచ్చేసరికి అలిసిపోయినవాళ్ళను చూశాం. అంతకన్నా పెద్ద విషయం కోచ్ మారడం. పోల్ వాల్ట్‌లో కోచ్ రన్‌వే పక్కన నిలబడి ప్రతి ఎగురుడుకూ పోల్ మార్చాలా, పట్టు మార్చాలా, స్తంభాలు ఎంత జరపాలి అని చెప్పేవాడు. ఆ కళ్ళు మారితే ఒక ఏడాది సర్దుబాటుకే పోతుంది. వెళ్ళిన మొదటి ఏడు ఎత్తు తగ్గితే మళ్ళీ నాకు ఇదే ప్రశ్న పంపకండి.

ఇక ఈ చలికాలం హాల్‌కు వెళ్ళినప్పుడు ఏం చూడాలో చెబుతాను. ముందుగా వార్మప్‌కు వెళ్ళండి, పోటీ మొదలయ్యాక కాదు. అతను ఎన్ని అంగల పరుగుతో ఎగురుతున్నాడో లెక్కపెట్టండి. నిరుటికన్నా రెండు పెరిగాయంటే వాళ్ళ శిబిరంలో పని జరుగుతోందని అర్థం. చివరి ఐదారు అడుగుల్లో వేగం పెరుగుతోందా, లేక బాక్స్ దగ్గరపడే కొద్దీ అడుగులు సాగదీస్తున్నాడా గమనించండి. సాగదీసేవాడు ఇంకా కొత్త పరుగుకు అలవాటు పడలేదు. టేకాఫ్‌లో పై చెయ్యి నిటారుగా ఉండి, నేల వదిలే కాలు ఆ చేతికి సరిగ్గా కిందనో కాస్త వెనకనో ఉంటే మంచిదే. పాదం బాగా ముందుకు, బాక్స్ వైపు పడితే పోల్ అతన్ని భుజం దగ్గర లాగి ఊపును తినేస్తుంది. నడుం నొప్పులు మొదలయ్యేదీ అక్కడే.

పోటీలో పోల్స్ మార్చడాన్ని చూడండి. సంచిలోంచి రెండు పోల్స్ మాత్రమే తీసి వాటితోనే ముగించాడా, లేక ఎత్తు పెరిగే కొద్దీ మూడోది, నాలుగోది తీశాడా? నాలుగోది తీసి దానితో తప్పాడనుకోండి, పట్టికలో అది చెడ్డ రోజు, నాకైతే మంచి రోజు. బార్ మీద ఎంత ఖాళీతో వెళ్తున్నాడో కూడా చూడండి. తుంటి బార్‌కు అడుగు పైన దాటి, దిగేటప్పుడు ఛాతీ తగిలి బార్ పడిందంటే ఆ రోజు రికార్డయిన ఎత్తుకూ అతని దగ్గరున్న ఎత్తుకూ చాలా తేడా ఉంది. ఒక్కోసారి స్తంభాలను పది సెంటీమీటర్లు జరపమని కోచ్ చెబితే సరిపోయేది.

కార్డులో అడ్డగీతలు, అంటే వదిలేసిన ఎత్తులు, ఎక్కడ పడుతున్నాయో కూడా గమనించండి. కుర్రాళ్ళు మొదట్లో ప్రతి ఎత్తూ ఎగిరి అలిసిపోతారు. ఏది వదలాలో తెలియడం ఆటలో సగం. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇరవై రెండేళ్ళ బ్రెజిల్ కుర్రాడు తియాగో బ్రాజ్, లావిలెనీ 5.98 దాటగానే ఆ ఎత్తును వదిలేసి నేరుగా 6.03కు వెళ్ళాడు. అప్పటిదాకా అతను 6 మీటర్లు దాటింది లేదు. రెండో ప్రయత్నంలో దాటి స్వర్ణం పట్టుకెళ్ళాడు. అతను 2012లో ప్రపంచ జూనియర్ విజేత, 5.55. ఆ నాలుగేళ్ళలో ఇటలీలోని ఫోర్మియాలో బుబ్కా పాత కోచ్ పెత్రోవ్ దగ్గర చేరి పద్ధతి మార్చుకున్నాడు.

మీ కుర్రాడు త్వరలో అండర్-20 దాటి అండర్-23 విభాగంలోకి వస్తాడు. రెండేళ్ళ పెద్దవాళ్ళతో కలిసి ఎగరాలి కాబట్టి మొదటి ఏడాది స్థానాలు కిందికి పోతాయి. అది లెక్కలోకి తీసుకోకండి. రెండో ఏడాది చివరికి కూడా అదే పరుగు, అవే పోల్స్, అదే ఎత్తు అయితే అప్పుడు మళ్ళీ రాయండి. ఆ సంచిలో ఎన్ని పోల్స్ ఉన్నాయో, వాటి మీది అంకెలేమిటో వీలైతే అడిగి తెలుసుకుని రాస్తే నా జవాబు ఇంత పొడుగ్గా ఉండదు.